నాలుగు నిమిషాల పదహారు సెకన్లు

చపాతీ పిండి కలుపుతుండగా ఫోన్ మోగింది. పిండి అంటని చిటికెన వేలితో తెర మీద జరిపి, ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను.

"హెల్ప్‌లైనేనా? అక్కా, నేను, జత్ నుంచి సుగంధని."

గొంతు గుర్తుపట్టాను. మా జిల్లాలోనే ఉన్న జత్ ఊళ్ళో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నర్సు ఆమె. నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా పడుకోబెట్టే మా వార్మరు ఒకటి వాళ్ళ దగ్గరుంది. ఆ వార్మరు మంచం కాసేపు ఊరికే చల్లబడిపోయిందని మూడు వారాల కిందట కూడా ఆమే ఫోన్ చేసింది.

"మళ్ళీ చల్లబడిందా సిస్టర్?"

"చల్లబడటం కాదక్కా, ఈసారి కాల్చింది. పాప వీపంతా ఎర్రగా కందిపోయింది. కవలలు, ఒక్కొక్కరు పదకొండు వందల గ్రాములు. చటుక్కున ఇద్దర్నీ ఎత్తేశాను కాబట్టి సరిపోయింది."

పిండిలో నా చేతులు ఆగిపోయాయి. "ఎంతసేపు?"

"అదే చెబుతున్నా. మొన్న చల్లబడ్డప్పటి నుంచి దాన్ని నేను నమ్మట్లేదు. హీటరు ఎర్రదీపం వెలిగితే చాలు, గడియారం చూస్తున్నా. ఎప్పుడూ ఇరవై సెకన్లు వెలిగి ఆరుతుంది. ఇవాళ నాలుగు నిమిషాల ముప్ఫై ఆరు సెకన్లు, అలారం కూడా మోగలేదు. రాసిపెట్టా. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలైపోయింది. పాపని వాళ్ళమ్మ గుండెల మీద కట్టాం. బాబుని మళ్ళీ అందులోనే పడుకోబెట్టాం, మాకున్నది అదొక్కటే కదా. నమ్మొచ్చా అక్కా దాన్ని?"

"సార్‌కి చెబుతాను సిస్టర్. అంతదాకా పక్కనే ఉండి కనిపెట్టుకోండి."

సార్‌కి చెబుతాను. ఆరేళ్ళుగా నా నోట్లో అరిగిపోయిన మాట అది. వార్మరు పక్కన అంటించే కాగితం మీద 'సేవా విభాగం' అని ఉంటుంది, దాని కింద నా ఫోన్ నంబరు ఉంటుంది. పేరు ఉండదు. "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు కదా వైజూ, మోగితే తీస్తే సరి" అన్నారు మా ఆయన అవధూత్, ఆ కాగితం అచ్చు వేయించిన రోజు. నిజమే, ఇంట్లోనే ఉంటాను. కానీ ఆ మంచం లోపల, గోరంత చిప్పులో ఉన్న ప్రోగ్రామ్‌లో ప్రతి వరుసా నేను రాసిందే. సాంగ్లీ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివాను. పెళ్ళయి మిరజ్ వచ్చిన కొత్తలో, ఆయన అప్పటి ఏదో మిషనుకి ఎవరిచేతో రాయించుకున్న ప్రోగ్రామ్ పనిచేయక తల పట్టుకుని కూర్చుంటే, "నేను చూడనా?" అన్నాను. అప్పటినుంచి చూస్తూనే ఉన్నాను, భోజనాల బల్ల మీద, కూర గిన్నెలు ఒక పక్కకి జరిపి. వార్మర్లు తయారుచేసే మా షెడ్డుకి ఎవరైనా వస్తే ఆయన, "మా ఆవిడ కంప్యూటర్లో కాస్త సాయం చేస్తుంది" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. పూర్తి నిజం కూడా లేదు.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నప్పుడు చెప్పాను. ఆయన తలెత్తకుండానే, "ఓల్టేజీ" అన్నారు. "జత్‌లో కరెంటు సంగతి నీకు కొత్తా? స్టెబిలైజర్ పెట్టుకోమని డాక్టరుకి చెప్పేస్తా. గురువారం తనిఖీకి వస్తున్నారు వైజూ, జిల్లా ఆసుపత్రులకి నలభై మంచాల ఆర్డరు. ఈ మూడు రోజులు ఆ నర్సమ్మ మాటలు నెత్తిన పెట్టుకోకు."

"ఓల్టేజీ అయితే అలారం ఎందుకు మోగలేదంటారు?"

"పప్పులో ఉప్పు వేశావా?" అన్నారు. వేశాను. అయినా లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాను.

ఓల్టేజీయే అయితే ఎంత బాగుండును అని ఆ పూట విఠోబాకి ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. తప్పు కరెంటుదైతే నాది కాదు. కానీ అలారం మోగకపోవడం నా గుండెలో ముల్లులా దిగింది. అలారం కూడా నా లెక్క మీదే నడుస్తుంది. హీటరు తప్పి, అలారం కూడా తప్పిందంటే, రెండూ ఒకచోటి నుంచే తప్పాయి. ఆ చోటు నా చేతి రాతలో ఎక్కడో ఉంది. అలాంటి మంచాలు పద్నాలుగు ఊళ్ళలో ఉన్నాయి. గిన్నెలు తోముతుంటే నీళ్ళ చప్పుడులో పసిగుడ్డు ఏడుపు వినబడింది. కుళాయి కట్టేసి వింటే ఏమీ లేదు. నెలలు నిండని పిల్లలు గట్టిగా ఏడవలేరని సుగంధ ఒకసారి చెప్పింది. అది గుర్తొచ్చాక నిశ్శబ్దమంటే మరీ భయం వేసింది.

అదే చిప్పున్న పాత బోర్డు ఒకటి అలమరాలో ఉంటే తీసి, హీటరు బదులు చిన్న ఎర్రదీపం తగిలించి బల్ల మీద పెట్టాను. ఇరవై సెకన్లు వెలుగు, ఇరవై సెకన్లు చీకటి. ఎక్కడ లెక్క తప్పుతుందో అలా చూస్తూ కూర్చోవాలి. మా ఇంట్లో అలా కూర్చోవడమే కష్టం. "వైజూ, నా కళ్ళజోడు కనబడదే" అని అత్తగారు. "పాలవాడొచ్చాడు చూడు" అని మళ్ళీ అత్తగారు. షెడ్డు నుంచి ఫోన్ చేసి, "బీరువాలో నీలం ఫైలుందా చూసి చెప్పు, ఇప్పుడే, ఆగుతున్నా" అని ఆయన. లేచి వెళ్ళి వచ్చేసరికి దీపం ఎన్నోసారి వెలుగుతోందో తెలియదు. "ఆ దీపం ముందు కూర్చుంటే నీకు ఒళ్ళు తెలీదే తల్లీ" అని నవ్వారు అత్తగారు. "దేవుడి దీపాన్ని కూడా ఇంత శ్రద్ధగా చూడగా నేను చూళ్ళేదు."

ఆ చిప్పు బతుకూ మా బతుకు లాంటిదేనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. అది తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. పిల్లవాడి చర్మం ఎంత వెచ్చగా ఉందో చూడటం, హీటరు వేయడం, తీయడం, తెర మీద అంకెలు చూపడం. మధ్యలో సెకనుకోసారి టైమర్ పిలుస్తుంది. దాన్ని మా పనిలో ఇంటరప్ట్ అంటారు. పిలుపు రాగానే చేతిలో ఉన్నది ఉన్నచోట వదిలేసి వెళ్ళాలి. వెళ్ళి, లెక్కలో ఒకటి కలిపి, తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు వదిలిన చోటి నుంచే అందుకోవాలి. మొదటిసారి కాలేజీలో ఇది చెప్పినప్పుడు మగపిల్లలు అర్థం కాలేదని గొణిగారు. ఆడపిల్లలం నలుగురమే ఉన్నాం, మాకు వెంటనే అర్థమైంది.

సాయంత్రం సుగంధకి నేనే ఫోన్ చేశాను. "బాబు ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడక్కా. స్టెబిలైజర్ తెచ్చి పెట్టారు. ఓల్టేజీ అని మీ సారు చెప్పారటగా, ఇంక భయం లేదని మా డాక్టరు గారు అంటున్నారు. నాకే ఎందుకో మనసొప్పక డ్యూటీ దిగకుండా ఇక్కడే కూర్చున్నా. నిజంగా ఓల్టేజీయేనా?"

"సార్ అలాగే అన్నారు" అన్నాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె నన్ను అడిగింది. నేను ఆయన మాట అప్పజెప్పాను.

మర్నాడు ఏకాదశి, ఉపవాసం. తెల్లవారగానే స్నానం చేసి, తులసిమాల సంచిలో చెయ్యి పెట్టుకుని జపానికి కూర్చున్నాను. మా అమ్మమ్మ నేర్పింది. సంచిలో చెయ్యి ఎవరికీ కనబడదు, పూస పూసకీ ఒక నామం. మధ్యలో మాట్లాడకూడదు. మాట్లాడవలసి వస్తే, ఎంతవరకు వచ్చానో అని ఊహించుకోకుండా మాల మళ్ళీ మొదటి నుంచి తిప్పాలి. "ఊహించుకున్న లెక్క దేవుడికి చెప్పకే" అనేది అమ్మమ్మ. ఆ రోజు మనసంతా జత్‌లోనే ఉంది. నామం నోట్లో ఉంది, పూస వేళ్ళ మధ్య ఉంది.

"వైజూ! సగ్గుబియ్యం నానబెట్టావా?" వంటింట్లోంచి అత్తగారు.

"ఆ, పెట్టానత్తయ్యా!"

వేళ్ళ మధ్య పూస అలాగే ఉంది. నామం అనేశానా? అనేసి, పూస జరపలేదా? లేక పూస జరిపి, నామం అనలేదా? నోరు ఒక లెక్కలో ఉంది, వేళ్ళు ఇంకో లెక్కలో ఉన్నాయి. రెండూ నావే, రెండూ విడివిడిగా సరైనవే. కలిపితే తప్పు.

జపం ఆపేసి, సంచిలోంచి చెయ్యి తీశాను.

ఆ చిప్పు చిన్నది. దాని లెక్క ఒక గడిలో పట్టదు, రెండు గడుల్లో ఉంటుంది. కుడి గడిలో రెండు వందల యాభై అయిదు దాకా పడుతుంది. ఇంకొకటి కలిస్తే కుడి గడి సున్నా అవుతుంది, ఎడమ గడిలో ఒకటి పెరుగుతుంది. బండి మీటర్లో తొంభై తొమ్మిది తిరిగి సున్నాలు వచ్చినట్టే. చదివేటప్పుడు రెండు గడులనీ ఒకేసారి చదవలేదు, ముందు కుడి, తర్వాత ఎడమ. కుడి గడి నిండుగా ఉన్నప్పుడు దాన్ని చదివి, ఎడమ గడి చదవబోయే ఆ రెప్పపాటులో టైమర్ పిలిస్తే? వెళ్ళి ఒకటి కలిపి వస్తుంది. కుడి గడి ఖాళీ అయిందని తెలియదు, పాత నిండు అంకె చేతిలోనే ఉంది. ఎడమ గడిలో కొత్త అంకె చదువుతుంది. రెండూ కలుపుతుంది. లెక్క ఒక్కసారిగా రెండు వందల యాభై ఆరు ముందుకు పోతుంది. ఇరవై సెకన్లు అయిపోయాయనుకుని హీటరుని మారుస్తుంది, మళ్ళీ మార్చవలసిన వేళని ఆ తప్పు లెక్క మీదే రాసుకుంటుంది. అప్పటికి హీటరు వెలుగుతూ ఉంటే తీసేస్తుంది, మంచం చల్లబడుతుంది. ఆరి ఉంటే వేస్తుంది, మంచం కాలుతుంది.

రెండు వందల యాభై ఆరు సెకన్లంటే నాలుగు నిమిషాల పదహారు సెకన్లు. మామూలు ఇరవై కలిపితే నాలుగు నిమిషాల ముప్ఫై ఆరు. జత్‌లో ఒక నర్సు గుండె మీద తగిలించుకున్న గడియారంతో కొలిచి రాసిపెట్టిన అంకె, నా తప్పుని సెకనుతో సహా చూపించింది.

మందు ఏమిటో కూడా ఆ క్షణంలోనే తెలిసింది. లెక్క చదివే ఆ రెప్పపాటూ టైమర్ పిలుపుని లోపలికి రానివ్వకూడదు. తలుపు వేసుకుని, రెండు గడులూ చదువుకుని, తలుపు తీయాలి. ఒక వరుస ముందు, ఒక వరుస తర్వాత, అంతే. మూసి ఉన్నప్పుడు వచ్చిన పిలుపు ఎక్కడికీ పోదు, గుమ్మంలో నిలబడి ఉంటుంది, తలుపు తీయగానే వస్తుంది. కాలేజీలో ఇది కూడా చెప్పారు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. మరి ఇక్కడ ఎందుకు రాయలేదు? ఆలోచిస్తే సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. తట్టలేదు. లెక్క చూసుకునే కాసేపు తలుపు వేసుకోవచ్చన్న ఊహే నాకు తట్టలేదు. పెళ్ళయిన ఈ పందొమ్మిదేళ్ళలో నేను ఏ పని మీదా తలుపు వేసుకోలేదు.

తొమ్మిది గంటలకి అత్తగారు భజనకని గుడికి వెళ్ళారు. బోర్డులో టైమర్‌ని వెయ్యి రెట్లు వేగంగా పరిగెత్తించాను, నెలలో ఎప్పుడో వచ్చే తప్పు వస్తే ఇప్పుడే రావాలని. తప్పుగా ముందుకు గెంతిన లెక్క మరుసారి చదవగానే వెనక్కి వస్తుంది కాబట్టి, అది ఒక్కసారి వెనక్కి నడిచినా దీపం వెలిగి అలాగే ఉండిపోయేట్టు రాశాను. కూర్చున్నాను. పది నిమిషాలు. వెలగలేదు. రాకూడదని మొక్కుకున్నాను, వస్తేనే మేలని కూడా మొక్కుకున్నాను. రెండు మొక్కుల్లో దేవుడు ఏది వింటాడో నాకు తెలియదు. పదిహేడో నిమిషంలో దీపం వెలిగింది. చూస్తూ ఉన్నాను. ఆరలేదు.

ఫైలు మర్చిపోయానంటూ ఆయన అప్పుడే లోపలికి వచ్చారు. దీపాన్నీ నన్నూ చూసి, "ఏమైంది, మొహం అలా ఉందేం?" అన్నారు.

చెప్పాను. రెండు గడుల సంగతి, పిలుపు సంగతి, సుగంధ అంకె సంగతి. ఆయన తెలివైనవారు, రెండోసారి చెప్పవలసిన పని లేకపోయింది. మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

"ఎన్నాళ్ళకోసారి వస్తుంది?"

"ఒక్కో మంచానికి పన్నెండు రోజులకో, నెలకో. ఎప్పుడని చెప్పలేం. ఈ నిమిషంలో కూడా రావచ్చు. పద్నాలుగు మంచాలండీ. అన్ని చోట్లకీ ఫోన్ చేసి, పిల్లల్ని తీసేయమందాం. కొత్త చిప్పులు సాయంత్రానికి నేను సిద్ధం చేస్తాను."

"ఫోన్ చేసి ఏమని చెబుతావు? మా మంచం మీ పిల్లల్ని కాలుస్తుందనా? ఎల్లుండి తనిఖీ పెట్టుకుని?" గొంతు తగ్గించారు. "వచ్చే నెల సర్వీసింగ్ పేరు చెప్పి మార్చేద్దాం. ఎవరికీ తెలీదు. ఆరేళ్ళుగా వస్తూనే ఉండి ఉంటుంది, ఎవరికీ ఏం కాలేదు, ఈ నెల రోజుల్లో కొంప మునగదులే."

"బాబు ఇప్పుడు అందులోనే ఉన్నాడు."

"అయితే నన్నేం చేయమంటావు? రాసింది నువ్వు. నీ చేతి తప్పుకి షెడ్డు మూసుకోమంటావా? పన్నెండు మంది పనివాళ్ళున్నారు నాకు."

అన్నారు. అనేశాక ఆయనే ఒక్క క్షణం తడబడ్డారు. నాకు మాత్రం నవ్వు లాంటిదేదో వచ్చింది. ఆరేళ్ళలో ఆ ప్రోగ్రామ్ నేను రాశానని ఆయన నోటితో అనడం అదే మొదటిసారి.

భయం పోయిందని చెప్పలేను. భయం ఇంకా పెరిగింది. ఆ పన్నెండు మందిలో ప్రతి ఒక్కరి ఇల్లూ నాకు తెలుసు. రేపు ఊళ్ళో ఏమంటారో తెలుసు. పాప వీపు మీద ఎరుపుకి నన్ను కోర్టుకి లాగుతారేమో తెలియదు. లేచి, ఫోనూ, మంచాలున్న ఊళ్ళ జాబితా రాసుకున్న నోటుపుస్తకమూ తీసుకుని దేవుడి గదిలోకి వెళ్ళాను. తలుపు దగ్గరికి వేశాను. గడియ చేతికి రాలేదు, వేసే అలవాటు లేక తుప్పు పట్టి బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగి వేశాను.

విఠోబా ఇటుక మీద నిలబడి ఉన్నాడు, నడుం మీద చేతులు పెట్టుకుని. తల్లిదండ్రుల కాళ్ళు పడుతున్న పుండలీకుడు, దేవుడే వచ్చి గుమ్మంలో పిలిచినా లేవలేదు. ఒక ఇటుక విసిరి, దాని మీద నిలబడు, చేతిలో పని అయ్యాక వస్తానన్నాడు. దేవుడు నిలబడ్డాడు. ఇప్పటికీ నిలబడే ఉన్నాడు. ఆ కథ చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆగమన్నందుకు పుండలీకుడు భక్తుడయ్యాడు. నేను ఆగమంటే నన్నేమంటారో స్వామీ అని అడిగాను. స్వామి నా ముందు అలాగే నిలబడి ఉన్నాడు.

జత్ నంబరు నొక్కాను. డాక్టరు తీశారు. "ఎవరు? సేవా విభాగమా?"

"నా పేరు వైజయంతీ కరందీకర్" అన్నాను. నా పేరు నాకే కొత్తగా వినబడింది. "మీ వార్మరు లోపలి ప్రోగ్రామ్ రాసింది నేను. అది ఓల్టేజీ కాదు డాక్టరు గారూ, నా రాతలో తప్పు. బాబుని ముందు దాంట్లోంచి తీయండి. మిగతాది తర్వాత చెబుతాను, మీరు ఏమన్నా వింటాను. ముందు తీయండి."

అవతల ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. సుగంధ గొంతు ఏదో అంటోంది, మాటలు తెలియడం లేదు. ఆ తర్వాత ఏమీ లేదు. ఇంత చిన్న నిశ్శబ్దంలో ఒక మనిషి ఎన్నిసార్లు చచ్చి బతకగలదో ఆ రోజే తెలుసుకున్నాను.

"తీశామక్కా" అంది సుగంధ. ఊపిరి బరువుగా ఉంది. "బాగున్నాడు. గుండెల మీద కట్టుకున్నా. వేలు పట్టుకున్నాడు."

తలుపు మీద దబదబమని మోగింది. "వైజూ! ఎవరితో మాట్లాడుతున్నావు? గడియ ఎందుకు వేశావు? ముందు తలుపు తియ్!" వెనకాల, గుడి నుంచి వచ్చిన అత్తగారు, "దేవుడి గదికి గడియేమిటే, ఏమొచ్చింది ఈ పిల్లకి?" అంటున్నారు.

నోటుపుస్తకంలో జత్ పక్కన గీత పెట్టాను. ఇంకా పదమూడు ఊళ్ళున్నాయి.

"ఆగండి" అన్నాను, రెండో నంబరు నొక్కుతూ.